అట్లాంటిక్ పాత రేవుకు యాట్‌లో: సెయింట్ మాలో, లా రోషెల్, కాదిజ్, హోర్టాలలో మీకు తగినది ఏది?

ఐరోపా పడమటి అంచున ఉన్న పాత రేవుపట్టణాలకు రైల్లో వెళ్లడం పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్లడం లాంటిది. వాటి వీధిగుమ్మం సముద్రం వైపు ఉంది. కోటగోడలూ, బురుజులూ, దీపస్తంభాలూ, వర్తకుల మేడల మీది కావలి గోపురాలూ అన్నీ నీటి మీదుగా వచ్చేవారిని దూరం నుంచే ఆనవాలు పట్టడానికి, అవసరమైతే అడ్డుకోవడానికి కట్టినవే. అలాంటి ఊరిలోకి ఒక్కసారైనా పడవ మీద ప్రవేశించాలన్న కోరిక, తెరచాప పడవ నడపడం కొద్దిగానైనా నేర్చుకున్న ప్రతివారికీ ఉంటుంది. ఏ ఊరు అన్న ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఇక్కడ నాలుగు రేవులను పోల్చి చూద్దాం. ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలో, లా రోషెల్. స్పెయిన్ దక్షిణ తీరంలోని కాదిజ్. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో ఫయాల్ మీద ఉన్న హోర్టా. సెయింట్ మాలో నిజానికి ఇంగ్లిష్ చానెల్ ఒడ్డున ఉన్నదని పటం చూపించి ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చానెల్ అట్లాంటిక్‌కు ఒక పాయ. పైగా ఆ ఊరి ఓడలు తిరిగినది అట్లాంటిక్ మీద, దాన్ని దాటి మన బంగాళాఖాతం మీద కూడా. కనుక దాన్ని ఈ జాబితాలోంచి తీసివేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఐరోపాలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడి క్లబ్బుల్లో సెయిలింగ్ నేర్చుకున్న తెలుగువారినీ, భారతదేశం నుంచి వారం పది రోజుల సెలవు మీద వెళ్లి సరంగుతో సహా పడవ అద్దెకు తీసుకోవాలనుకునే కుటుంబాలనూ, ఈ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. ఇద్దరికీ ఒకే మాట వర్తిస్తుంది: ఊరి అందాన్ని బట్టి కాక, ఊరి గుమ్మం ముందున్న నీటిని బట్టి ఎంచుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసిన సంగతులు

మొదటిది పోటు, పాటు. విశాఖ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరే కనుక, మన కోస్తాలో పెరిగినవారికి సముద్రమంటే కాస్త ముందుకొచ్చి కాస్త వెనక్కి తగ్గే నీరు. సెయింట్ మాలోలో అదే తేడా పెద్ద పోట్ల రోజుల్లో పన్నెండు మీటర్లు దాటుతుంది. అంటే ఉదయం నాలుగంతస్తుల మేడ మునిగేంత నీరున్న చోట మధ్యాహ్నానికి రాళ్లూ, ఇసుకా, నాచూ బయటపడతాయి. సాధారణమైన యాట్ నీటిలో మునిగే లోతు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. ఆ లోతు ఏ గంట నుంచి ఏ గంట వరకు దొరుకుతుందన్న లెక్క మీదే ఆ రోజు భోజనం, నిద్ర, విహారం అన్నీ ఆధారపడతాయి. కొందరికి ఈ లెక్క వినోదం, మరికొందరికి తలనొప్పి. మీరు ఏ కోవకు చెందుతారో నిజాయితీగా చెప్పుకోగలిగితే సగం ఎంపిక పూర్తయినట్టే.

రెండవది, పడవ కట్టుకునే చోటుకూ పాతపట్నానికీ మధ్య ఉన్న దూరం. చారిత్రక రేవు అన్న పేరు చూసి వెళ్లినవారికి తీరా చోటు దొరికేది ఊరి బయట కట్టిన కొత్త మరీనాలో, అంటే విహార పడవల రేవులో కావచ్చు. అక్కడ స్నానాల గదులూ, కరెంటు, మరమ్మతు దుకాణాలూ చక్కగా ఉంటాయి కాని తెల్లవారి లేచి పడవ పైకి వస్తే కనిపించేది వందల కొద్దీ తెరచాప కొయ్యల వరుస మాత్రమే.

మూడవది, అక్కడికి చేరడానికి పట్టే కాలం. ఒక పగటి ప్రయాణం వేరు, మధ్యలో ఒక రాత్రి పహారా ఉన్న ప్రయాణం వేరు, వారం రోజులు నేల కనిపించని ప్రయాణం పూర్తిగా వేరు. నాలుగవది గాలి, ఋతువు. ఐదవది కాగితాలు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఈ ఐదవదాన్ని తేలికగా తీసుకొని చివరి క్షణంలో ఇబ్బంది పడతారు కనుక దాన్ని విడిగా చెబుతాను.

| రేవు | పెద్ద పోట్ల రోజుల్లో నీటి తేడా | ప్రవేశం | పాతపట్నానికి దూరం | అనువైన కాలం |
|---|---|---|---|---|
| సెయింట్ మాలో | 12 మీటర్లకు పైగా | రాళ్ల మధ్య కాలువలు. కోట కింది రేవుకు లాకు | వోబాన్ రేవు నుంచి కొద్ది అడుగులు | జూన్ నుంచి సెప్టెంబరు |
| లా రోషెల్ | ఐదారు మీటర్లు | దీవుల చాటున, గుర్తులు స్పష్టం | పాత రేవులోనే కట్టుకోవచ్చు. మినిమ్ మరీనా నుంచి నీటి బస్సు | మే నుంచి సెప్టెంబరు |
| కాదిజ్ | సుమారు 3 మీటర్లు | తేలిక, పెద్ద ఓడల రాకపోకలు ఎక్కువ | సుమారు ఇరవై నిమిషాల నడక | శరత్తు |
| హోర్టా | ఒకటి, ఒకటిన్నర మీటరు | చాలా తేలిక. చేరడమే కష్టం | మరీనా ఊరి ముందే | జూన్ నుంచి ఆగస్టు |

సెయింట్ మాలో: గడియారం చేతికి కట్టుకొని వెళ్లవలసిన ఊరు

దూరం నుంచి చూస్తే సెయింట్ మాలో నీటి మీద తేలుతున్న రాతికోటలా ఉంటుంది. ఆ గోడల మధ్య ఉన్న ఊరు 1944 ఆగస్టు యుద్ధంలో చాలా మటుకు నేలమట్టమైంది. ఇప్పుడు మనం చూసే ఎత్తైన నల్లరాతి ఇళ్ల వరుసల్లో ఎక్కువ భాగం యుద్ధం తరువాత పాత పోలిక చెడకుండా మళ్లీ కట్టుకున్నవి. ఈ సంగతి తెలిసినవారికి కొంత నిరుత్సాహం కలుగుతుందని విన్నాను. కూలిన ఊరిని రాయి రాయిగా అదే రూపంలో తిరిగి నిలబెట్టుకున్నవారి పట్టుదల మాత్రం నాకు అసలు కట్టడాల కంటె ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. కోటగోడలు చాలావరకు ఆ బాంబులను తట్టుకొని నిలిచాయి.

ఈ ఊరికి మనతో ఉన్న సంబంధం చిన్నదేమీ కాదు. 1746లో మద్రాసు కోటను ఆంగ్లేయుల చేతిలోంచి లాక్కున్న లా బుర్దొన్నే ఇక్కడ పుట్టినవాడు. 1800 అక్టోబరులో హుగ్లీ మొగ దగ్గర కెంట్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడను తన కంటె ఎంతో చిన్నదైన కాన్ఫియాన్స్‌తో పట్టుకున్న రోబెర్ సుర్‌కూఫ్ కూడా ఈ ఊరివాడే. గోడ పక్క తోటలో ఆయన విగ్రహం సముద్రం వైపు చేయి చాచి నిలబడి ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చిన అనుమతిపత్రంతో శత్రు ఓడలను దోచుకునే ఈ కోర్సేర్లను ఇక్కడ వీరులుగా కొలుస్తారు. వారి దోపిడికి గురైన ఓడలు తిరిగిన తీరంలో పుట్టిన మనం ఆ విగ్రహాన్ని కాస్త పక్కచూపుతో చూస్తే తప్పేమీ లేదు.

ఇక నీటి సంగతి. రేవు ముందు రాళ్లు దట్టంగా ఉన్నాయి. గ్రాన్ జార్దాన్ దీపస్తంభం పక్కగా వచ్చే కాలువతో సహా ప్రవేశమార్గాలన్నింటికీ గుర్తులు చక్కగానే ఉన్నాయి కాని, పోటు ప్రవాహం పడవను పక్కకు నెడుతూ ఉంటుంది కనుక చూపు తిప్పడానికి వీలుండదు. లోపల కట్టుకోవడానికి రెండు చోట్లు. ఒకటి కోటగోడ కిందనే ఉన్న వోబాన్ రేవు. దీనిలోకి లాకు, అంటే నీటిమట్టాన్ని పెంచి తగ్గించే తలుపుల గది గుండా వెళ్లాలి. ఆ లాకు అధికపోటుకు అటూ ఇటూ రెండు మూడు గంటలు మాత్రమే పనిచేస్తుంది. గోదావరి కాలువల మీద లాకులను చూసినవారికి వివరించనక్కరలేదు. పద్ధతి అదే, గోడలు ఎత్తు, పక్కన నిలబడే ఓడలు పెద్దవి. ఒకసారి లోపలికి వెళ్లాక నీటిమట్టం దాదాపు నిలకడగా ఉంటుంది, పడవ దిగిన నిమిషానికి కోటద్వారంలో ఉంటారు. రెండవది సాన్ సెర్వాన్ వైపున్న బా సాబ్లోన్ మరీనా. దాని వాకిట్లో నీటి అడుగున గడపలా ఒక గట్టు కట్టారు. సముద్రం తగ్గినా లోపలి నీరు పోకుండా ఆ గట్టు ఆపుతుంది. నీరు తగినంత పెరిగేదాకా మన పడవను కూడా అదే ఆపుతుంది. ఇక్కడి నుంచి కోటలోకి నడక కొంత దూరం. అయితే పక్కనే 14వ శతాబ్దపు సోలిదోర్ బురుజు ఉంది, చోటు దొరికే అవకాశం కూడా ఎక్కువ.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. సెయింట్ మాలోలో పౌర్ణమి, అమావాస్యలకు దగ్గరి రోజుల్లో అధికపోటు ఉదయం పూట, మళ్లీ సాయంత్రం వస్తుంది. పగటి నడిమధ్య సముద్రం బాగా వెనక్కి పోతుంది. సప్తమి, అష్టమి ప్రాంతంలో వచ్చే చిన్న పోట్ల రోజుల్లో అధికపోటు మధ్యాహ్నం వైపు జరుగుతుంది, నీటి తేడా కూడా సగానికి తగ్గుతుంది. కాబట్టి మొదటిసారి వెళ్లేవారు చిన్న పోట్ల వారాన్ని ఎంచుకుంటే పట్టపగలు, మందమైన ప్రవాహంలో, తొందర లేకుండా లోపలికి రావచ్చు. గోడల మీద నిలబడి సముద్రం ఊడ్చిపెట్టుకుపోయే దృశ్యమూ, కాలినడకన గ్రాన్ బే దీవికి వెళ్లి ఫ్రెంచి రచయిత షతోబ్రియాఁ సమాధిని చూడడమూ కావాలనుకునేవారికి పెద్ద పోట్ల వారమే కావాలి. రెండూ ఒకే వారంలో దొరకవు.

అదనంగా ఒక రోజు ఉన్నవారు రాన్స్ నదిలోకి వెళ్లవచ్చు. నది మొగ దగ్గర 1966లో ప్రారంభమైన, పోటు నీటితో నడిచే 240 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. ఆనకట్ట పక్కన ఉన్న లాకు గుండా యాట్‌లు లోపలికి పోయి, చెట్ల మధ్య ప్రశాంతంగా దినాన్ వైపు సాగుతాయి. లోపలి నీటిమట్టం విద్యుత్ కేంద్రం అవసరాన్ని బట్టి మారుతుంది కనుక అక్కడ పనికొచ్చేది ఆ కేంద్రం ప్రకటించే మట్టాల పట్టికే.

లా రోషెల్: నా ఓటు దీనికే

నాలుగింటిలో ఒక్కటే చెప్పమంటే లా రోషెల్ అంటాను. ఇక్కడ చరిత్ర గుండానే పడవ నడిచి వెళుతుంది. పాత రేవు వాకిట్లో ఒకవైపు సాన్ నికొలా బురుజు, మరొకవైపు గొలుసు బురుజు. మధ్యయుగాల్లో రాత్రిపూట ఈ రెండింటి మధ్య ఇనుపగొలుసు లాగి రేవును మూసేవారు. బాడవ నేలలో దుంగలు పాతి కట్టడం వల్ల సాన్ నికొలా బురుజు కొద్దిగా ఒరిగి ఉంటుంది. ఆ సన్నని సందులోంచి మీ చుక్కాని మీరే పట్టుకొని లోపలికి రావడం, ఎంత నిగ్రహించుకున్నా ఒళ్లు పులకరించే సంగతి.

ఈ ఊరి కథలో సముద్రద్వారమే ప్రధాన పాత్ర. ప్రొటెస్టెంట్ల కోటగా ఉన్న లా రోషెల్‌ను 1627లో ఫ్రెంచి రాజు మంత్రి కార్డినల్ రిషెల్యూ సేనలు ముట్టడించినప్పుడు, ఊరికి సముద్రం మీదుగా ఆంగ్లేయుల సాయం అందకుండా అఖాతానికి అడ్డంగా దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల రాతికట్ట వేశారు. 1628 అక్టోబరు చివరికి ఊరు లొంగిపోయే నాటికి సుమారు ఇరవై ఏడు వేల జనాభాలో ఆకలికీ రోగానికీ పోగా మిగిలినది ఐదారు వేలు. రేవును ఎవరూ జయించలేదు, వాకిలి మూసి ఆకలితో చంపారు. మినిమ్ వైపు నుంచి పాత రేవుకు వచ్చే కాలువలో మీరు నడిచేది ఆ ముట్టడి జరిగిన నీటి మీదనే. 18వ శతాబ్దంలో ఈ ఊరికి వచ్చిన సిరిలో బానిసల వ్యాపారం వాటా కూడా పెద్దది. అందమైన రాతిమేడల ముందు నిలబడినప్పుడు ఆ లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఊరి మ్యూజియం దాన్ని దాచిపెట్టదు.

సెయిలింగ్ మీద ఇష్టం ఉన్నవారికి ఇక్కడ ఇంకొక ఆకర్షణ ఉంది. ఫ్రెంచి నావికుడు బెర్నార్ మ్వాతెస్యే నడిపిన జోషువా అనే ఎర్రని ఉక్కు పడవ ఇక్కడి సముద్ర మ్యూజియంలో నీటి మీదే ఉంది. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే తొలి పందెంలో 1968లో బయలుదేరిన ఆయన, గెలిచే అవకాశం ఉండగానే ముగింపు రేఖను కాదనుకొని, తూర్పుకే సాగి 1969లో తాహితి చేరాడు. ఆ పందేన్ని పాత పద్ధతుల్లోనే పునరుద్ధరించిన గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో భారత నౌకాదళ విశ్రాంత అధికారి అభిలాష్ టోమీ 2023లో రెండవ స్థానంతో తిరిగివచ్చిన ఊరు లే సాబ్ల్ దొలోన్. అది లా రోషెల్‌కు వాయవ్యంగా సుమారు 35 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే ఒక పగటి ప్రయాణంలో ఉంది. ఈ రెండు రేవులనూ కలిపి చూడడం భారతీయ నావికుడికి చక్కని వారం.

ఇక కట్టుకునే చోట్లు. ఊరికి దక్షిణాన ఉన్న మినిమ్ మరీనా ఐరోపాలోని అతిపెద్ద మరీనాలలో ఒకటి. నాలుగు వేలకు పైగా పడవలు పడతాయి. ఏ పాటులోనైనా దాదాపు ఇబ్బంది లేకుండా ప్రవేశించవచ్చు, చీకటి పడ్డాక వచ్చినా భయం లేదు, మరమ్మతులకు ఇంతకంటె మంచి చోటు దొరకదు. అందం మాట మాత్రం అడగకూడదు. అక్కడి నుంచి పాత రేవుకు నీటి బస్సు నడుస్తుంది, సైకిల్ మీద కూడా పోవచ్చు. బురుజులు దాటి లోపలికి వస్తే పాత రేవులో పడవలు నేరుగా కట్టుకునే, నీటి మీద తేలే వంతెనల్లాంటి పాంటూన్లూ, తలుపు వెనుక నీరు నిలిపి ఉంచే లోపలి రేవులూ ఉన్నాయి. లోపలి రేవుల తలుపులు అధికపోటు సమయం చుట్టూనే తెరుస్తారు. పాత రేవులో నిద్ర తక్కువ దొరుకుతుంది. వేసవి రాత్రుల్లో ఒడ్డు పొడవునా ఉన్న హోటళ్ల సందడి, పాటలు అర్ధరాత్రి దాటాక కూడా వినిపిస్తాయి. చిన్నపిల్లలున్నవారు రెండు రాత్రులు పాత రేవులో, మిగిలినవి మినిమ్‌లో అని పంచుకోవడం మేలు.

మొదటిసారి వెళ్లేవారికి దీన్ని సూచించడానికి మరొక కారణం, ముందు పరుచుకున్న రే, ఒలెరోన్ దీవులు. పెద్ద అలలకు అవి అడ్డుగోడలు. వాటి చాటున ఉన్న నీటిలో రోజుకు మూడు నాలుగు గంటల ప్రయాణాలతో రే దీవిలోని సాన్ మార్తాన్ రేవునూ, ఎక్స్ దీవినీ చూసి వస్తూ, దారిలో నీటి మధ్య రాతి ఓడలా నిలిచిన ఫోర్ బ్వయార్ కోటను చుట్టవచ్చు. వాతావరణం చెడితే వెనక్కి తిరగడానికి ఎప్పుడూ దగ్గరలోనే ఒక రేవు ఉంటుంది. దీవులు దాటి బిస్కే అఖాతంలోకి అడుగుపెట్టాక ఈ ధీమా పనికిరాదు.

కాదిజ్: ఊరు గొప్పది, దారి ఆలోచించవలసినది

ప్రాచీన సముద్ర వర్తకులైన ఫినీషియన్లు స్థాపించిన కాదిజ్ పడమటి ఐరోపాలోని అతిపురాతన నగరాలలో ఒకటి. కొలంబస్ రెండవ, నాలుగవ ప్రయాణాలు ఇక్కడి నుంచే మొదలయ్యాయి. 1717లో అమెరికా వ్యాపారాన్ని నియంత్రించే కార్యాలయం సెవిల్ నుంచి ఇక్కడికి మారాక వర్తకులు తమ ఓడల రాకను చూసుకోవడానికి మేడల మీద కట్టుకున్న కావలి గోపురాలు ఇప్పటికీ వందకు పైగా మిగిలాయి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధానికి ఫ్రెంచి, స్పానిష్ నౌకలు బయలుదేరినది ఈ రేవు నుంచే, 1812లో స్పెయిన్ తొలి రాజ్యాంగాన్ని ప్రకటించినది ఈ ఊళ్లోనే. చరిత్ర పరంగా మిగిలిన మూడింటినీ ఒక పక్కన పెట్టి దీన్ని మరో పక్కన పెట్టినా త్రాసు తూగుతుందేమో.

అయినా యాట్ మీద వచ్చేవారికి దీన్ని రెండవ వరుసలో పెడుతున్నాను. పడవలు కట్టుకునే ప్వెర్తో అమెరికా మరీనా పెద్ద ఓడల రేవు చివర ఉంది. పని జరుగుతుంది, ముచ్చట ఉండదు. అందుకే చాలామంది అఖాతం అవతల ఉన్న ఎల్ ప్వెర్తో దె సాంత మరియాలో కట్టుకొని ఫెర్రీ మీద కాదిజ్‌కు వస్తారు. ఆ పద్ధతి నాకు సమ్మతమే, నీటి మీదుగా నగరం దర్శనం ఎలాగూ దొరుకుతుంది.

అసలు ఆలోచించవలసినది దారి గురించి. జిబ్రాల్టర్ జలసంధి నుంచి కాదిజ్ అఖాతం వరకు, ఇంకా ఉత్తరంగా పోర్చుగల్, గలీసియా తీరాల వరకు 2020 నుంచి ఓర్కా తిమింగలాల గుంపొకటి యాట్‌ల చుక్కానులను ఢీకొని విరిచేస్తోంది; కొన్ని పడవలు మునిగాయి కూడా. ట్యూనా చేపల వెంట అవి తిరిగే వసంతం, వేసవి నెలల్లో తీరానికి దగ్గరగా, లోతు తక్కువ ఉన్న నీటిలో నడవమని సలహా ఇస్తారు. చిక్కేమిటంటే సరిగ్గా అదే కాలంలో, అదే తీరం వెంట బార్బాతే, కోనిల్, జహారా ఊళ్ల ముందు ట్యూనా కోసం సముద్రంలో పాతిన అల్మద్రాబా వలలు మైళ్ల కొద్దీ అడ్డంగా ఉంటాయి. లోతుకు పోతే ఓర్కాలు, ఒడ్డుకు వస్తే వలలు. దీనికి తోడు లెవాంతే అనే తూర్పుగాలి ఒకసారి పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. అనుభవం ఉన్న సరంగు వీటన్నింటినీ దాటుకు వస్తాడు, సందేహం లేదు. సెలవులు లెక్కపెట్టుకొని వచ్చిన కుటుంబం మాత్రం జలసంధి వైపు పోకుండా, ఊరి ముందున్న చిన్న అఖాతంలోనే కాదిజ్, రోతా, సాంత మరియాల మధ్య నాలుగు రోజులు తిరిగి రావడం మంచిది. ఎండ మెత్తబడే అక్టోబరు అందుకు చక్కని నెల.

హోర్టా: చేరినవారికే అర్థమయ్యే రేవు

మిగిలిన మూడు రేవులతో హోర్టాను పోల్చడం ఒక విధంగా అన్యాయం. లిస్బన్ నుంచి సుమారు 900 నాటికల్ మైళ్లు, అంటే మామూలు యాట్‌కు వారం రోజులు. కరీబియన్ నుంచి ఐరోపాకు తిరిగివచ్చే పడవలు రెండు వేల మైళ్లకు పైగా నేల చూడకుండా వచ్చి మే, జూన్ నెలల్లో ఇక్కడ ఆగుతాయి. ఎదురుగా 2,351 మీటర్ల పికో అగ్నిపర్వతం, కింద చిన్న ఊరు, రేవుగోడ మీద అంగుళం ఖాళీ లేకుండా పడవల వాళ్లు వేసిన బొమ్మలు. బొమ్మ వేయకుండా వెళితే ఆ పడవకు కీడు జరుగుతుందని నమ్మకం. రేవు ఎదుట 1918 నుంచి ఉన్న పీటర్ కఫే స్పోర్ట్ సముద్రం దాటినవారికి అడ్డా.

ఒంటరిగా ప్రపంచాన్ని తొలిసారి చుట్టిన జాషువా స్లోకం 1895లో ఇక్కడ ఆగి, రేగుపండు లాంటి ప్లమ్‌లూ, తెల్లజున్నూ కలిపి తిని, సముద్రంలోకి వెళ్లాక కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. జున్ను ఇప్పటికీ బాగుంటుంది, మితంగా తినండి.

విమానంలో వచ్చి ఇక్కడ పడవ అద్దెకు తీసుకొని ఫయాల్, పికో, సాన్ జోర్జ్ దీవుల మధ్య తిరగవచ్చు. అది అందమైన సెలవే. కాని హోర్టాకు చరిత్రలో ఉన్న అర్థం దూరం నుంచి వచ్చి చేరడంలో ఉంది. సముద్రం మీద రాత్రులు గడపడం తెలుసుకోవాలన్న కోరిక ఉండి, మూడు వారాలు కేటాయించగలిగినవారు అనుభవజ్ఞులైన సరంగు దగ్గర కళాసీగా చేరి రావడమే సరైన పద్ధతి. ఇది మనవాళ్ల వల్ల అయ్యే పనేనా అని అనుమానించేవారికి, 2017-18లో తారిణి అనే 55 అడుగుల పడవ మీద గోవా నుంచి బయలుదేరి, ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారని గుర్తు చేస్తాను.

దీవుల్లో ఇంకొక వారం ఉండగలిగితే సుమారు డెబ్బై మైళ్ల దూరంలో టెర్సీరా మీద ఉన్న ఆంగ్రా దో హెరోయిజ్మో చూడండి. ఇండియా దారిలో తిరిగివచ్చే పోర్చుగీసు ఓడలకు అది శతాబ్దాల పాటు తప్పనిసరి మజిలీ. వాస్కో డ గామా తొలి ప్రయాణం నుంచి తిరిగి వస్తూ జబ్బుపడిన అన్న పౌలోను 1499లో ఖననం చేసినది అక్కడే. పాతరేవుగా హోర్టా కంటె ఆంగ్రాయే గట్టిది; యునెస్కో జాబితాలో 1983లో చేరింది. ఆగస్టు తరువాత మాత్రం ఈ దీవుల వైపు రావద్దు. 2019 అక్టోబరులో లొరెంజో తుపాను ఇక్కడి ఫ్లోరెస్ దీవి రేవును ధ్వంసం చేసింది.

కాగితాల మాట

నాలుగు రేవులకూ, ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా చాలు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకూడదన్న నియమం పడవలో ఉన్నవారికీ వర్తిస్తుంది. మెలిక సెయింట్ మాలో దగ్గర వస్తుంది. పక్కనే ఒక పగటి ప్రయాణంలో ఉన్న జెర్సీ దీవి షెంగెన్‌లో లేదు. అద్దె పడవలో సరదాగా అటు వెళ్లొద్దామని ఎవరైనా అంటే, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి జెర్సీకి వేరే వీసా కావాలి, తిరిగి ఫ్రాన్స్‌లోకి రావడానికి ఒకటికంటె ఎక్కువసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా కావాలి. బ్రిటన్ నుంచి స్వంత పడవలో వచ్చేవారు సరిహద్దు తనిఖీ ఉన్న రేవులో ముందు ఆగి, రాకనూ పోకనూ నమోదు చేయించుకోవాలి.

సరంగు లేకుండా పడవ తీసుకునేవారికి ఫ్రాన్స్ కొంత సులువు. తెరచాప పడవకు అక్కడి చట్టం లైసెన్సు అడగదు. అద్దెకిచ్చే సంస్థ మాత్రం మీరు ఎక్కడ, ఎంత దూరం, ఏ పొడవు పడవ నడిపారో రాసివ్వమంటుంది. స్పెయిన్, పోర్చుగల్‌లలో ధ్రువపత్రం చూపించాలి.

ఎవరికి ఏది

పిల్లలతో, పెద్దవారితో, సరంగును పెట్టుకొని వారం రోజులకు వెళ్లే కుటుంబానికి లా రోషెల్. దీనిలో నాకు ఊగిసలాట లేదు. శిక్షణ పూర్తిచేసి, రెండు మూడు వేసవులు నడిపి, ఇక పోటు లెక్కల్లో చేయి తిరగాలనుకునే నలుగురు మిత్రులకు సెయింట్ మాలో. అక్కడ ఒక వారంలో నేర్చుకునేది చిన్న పోట్ల తీరంలో ఒక ఏడాదిలో కూడా రాదు. ఊరే ముఖ్యం, పడవ దానికి ఒక సాకు మాత్రమే అనుకునే చరిత్ర ప్రియులు కాదిజ్‌కు వెళ్లి, పడవను అఖాతం దాటనివ్వకుండా ఉంచుకోవాలి. సముద్రమే ముఖ్యం, ఊరు దానికి ఒక ఒడ్డు మాత్రమే అనుకునేవారికి హోర్టా. శాకాహారులకు నాలుగు చోట్లా కొంత తిప్పలే. సెయింట్ మాలోలో బక్‌వీట్ పిండితో పోసే పలుచని గాలెట్ మన అట్టుకు దగ్గరి చుట్టం కనుక అక్కడ కాస్త ఊరట.

లా రోషెల్ ఎంచుకున్నవారికి ఒక్క జాగ్రత్త. పడవ మాట్లాడుకునేటప్పుడు చోటు పాత రేవులోనా, మినిమ్‌లోనా అని విడిగా అడిగి రాయించుకోండి. లా రోషెల్ మరీనా అని మాత్రమే రాసి ఉంటే అది మినిమ్ అనే అనుకోవాలి. పాత రేవులో రెండు రాత్రులకు విడిగా ముందే చోటు పట్టుకొని, లోపలి రేవు తలుపులు తెరిచే వేళలు ఆ తేదీలకు పగటిపూట పడుతున్నాయో లేదో చూసుకున్నాకే విమానం టిక్కెట్లు కొనండి.